సాంచా పళ్లచక్రం నుంచి చిన్నమ్మ తుంటి దాకా



మొన్న భజనకు వచ్చిన మా చిన్నమ్మ గోడ పట్టుకొని కుంటుతూ నడిచింది. తుంటి కీలు మార్చి ఆరు వారాలైంది. “కాలు పొడుగైనట్టున్నది బిడ్డా. నొప్పి పోయింది గదా, డాక్టర్‌ను ఇంకేమడుగుతం” అన్నది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

షోలాపూర్‌లో సాంచాల చప్పుడు మధ్య పెరిగిన మనకు ఈ కీలు చరిత్ర పరాయిది కాదు. ఇంగ్లండ్‌లో ఒకప్పటి బట్టల మిల్లుల సీమ లాంకషైర్. అక్కడి రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1958 నుంచి టెఫ్లాన్ గిన్నెలతో తుంటి కీళ్లు వేశారు. మొదట రోగులు హాయిగా నడిచారు. కొన్నేళ్లకే గిన్నెలు అరిగి, ఆ పొడి చుట్టూ కణజాలం పాడైంది. దాదాపు 300 మందికి వేసినవి అలా చెడిపోయాయి. ఆ పదార్థాన్ని ఆయన తన తొడలోనే పెట్టుకొని పరీక్షించారు.

1962లో సాంచాల పళ్లచక్రాలకు వాడే ఒక ప్లాస్టిక్‌ను అమ్మడానికి ఒకాయన ఆ ఆసుపత్రికి వచ్చాడు. చార్న్‌లీ పట్టించుకోలేదు. ల్యాబ్‌లో పనిచేసే హ్యారీ క్రేవెన్ మాత్రం దాన్ని యంత్రంపై రుద్ది చూశాడు. టెఫ్లాన్‌తో పోలిస్తే అరుగుదల చాలా తక్కువ. అదే పాలిథిలిన్. ఆ ఏడాది నవంబరు నుంచి దాన్నే వాడారు. నేటి తుంటి కీళ్లకు దారి అక్కడే పడింది.

కీలు మన్నడం మొదలయ్యాక కాలి పొడవు తేడా పెద్ద మాటైంది. కొత్త కీలు వదులుగా ఉంటే జారిపోతుంది. కండరాలు బిగువుగా ఉండేలా అమర్చేటప్పుడు కాలు కొంచెం పొడుగవ్వొచ్చు.

ఈ తేడా రెండు రకాలు. ఏళ్ల తరబడి కుంటడం వల్ల కండరాలు బిగిసి నడుము ఒక పక్కకు ఒరిగితే, కొలతలో తేడా లేకున్నా కాలు పొడుగ్గా అనిపిస్తుంది. వ్యాయామంతో కొన్ని నెలల్లో ఇది చాలామందికి సర్దుకుంటుంది. తొందరపడి చెప్పు ఎత్తు పెంచితే ఆ ఒరుగు అలాగే నిలిచిపోవచ్చు. రెండోది నిజమైన తేడా. కాలి కింద చెక్కలు పెట్టి, ఎక్స్‌రే తీసి కొలుస్తారు. సెంటీమీటరు లోపైతే చాలామంది అలవాటు పడతారు. ఎక్కువైతే పొట్టి కాలి చెప్పుకు అట్ట వేస్తారు. మళ్లీ ఆపరేషన్ చివరి మాట. దానిలో కీలు జారే ప్రమాదముంది. పాదం తిమ్మిరెక్కినా, పైకి లేవకపోయినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఆపరేషన్‌కు ముందే “ఇప్పుడు తేడా ఎంత, తర్వాత ఎంత ఉండొచ్చు?” అని అడిగి రాయించుకోండి.

టెఫ్లాన్ తప్పు కూడా కొన్నేళ్లకు గానీ బయటపడలేదు. చిన్నమ్మను వచ్చే సోమవారం నేనే తీసుకెళ్తున్నాను. మీ ఇంట్లో కూడా ఎవరైనా నోరు మెదపక కుంటుతుంటే, పక్కన కూర్చొని అడగండి.