కయ్యల్లో చరిత్ర చదివినాయన

కార్వేటినగరం చరిత్ర చెప్పమంటే మనోళ్ళు రాజులతోనే మొదలుపెడతారు. సంస్థానం, వేణుగోపాలస్వామి గుడి, స్కంద పుష్కరిణి, సారంగపాణి పదాలు. అన్నీ చెప్పాల్సినవే. ఆ రాజులకు శిస్తు కట్టినోళ్ళ సంగతి ఎవురు చెప్పాల? బళ్ళో పాఠం చెప్పినన్నాళ్ళూ నాకిదే బాధ. ఆ బాధ తీర్చినాయన ఫ్రాన్సులో ఉండినాడు, మార్క్ బ్లోక్ అని. మంటలోకి రెండు పుల్లలు ఎగదోసి ఇట్ట జరగండి, చెప్తా.

1886లో లియోన్‌లో పుట్టినాడు. నాయన గుస్తావ్ కూడా చరిత్ర ప్రొఫెసరే, రోము చరిత్ర చెప్పేవాడు. యూదుల ఇల్లు. 1919లో సిమోన్‌తో పెండ్లి, ఆరుగురు బిడ్డలు. ఆయమ్మ సంసారం ఈదుతానే ఆయన రాతపనిలోనూ సాయం పట్టేది. 1929లో స్ట్రాస్‌బర్గ్‌లో లూసియన్ ఫెవ్ర్‌తో కలిసి ‘అనాల్’ అనే పత్రిక పెట్టినాడు. రాజులు, యుద్ధాలే చరిత్ర కాదు, పంటలూ ధరలూ జనం నమ్మకాలూ చరిత్రేనని ఇద్దరూ పట్టుబట్టినారు.

1931లో ఫ్రాన్సు పల్లెల మీద పుస్తకం తెచ్చినాడు. దానికోసం పాత భూముల పటాలు ముందరేసుకోని చేల ఆకారం చూసినాడు. ఉత్తరాన చేలు సన్నగా, బారుగా ఉండాయి. దక్షిణాన చాలాచోట్ల చదరంగా ఉండాయి. ఎందుకు? ఉత్తరాన చక్రాల మడక, బలే బరువు. గెనిమ కాడ తిప్పాలంటే పశువుల పానం మీదికొస్తుంది. తిప్పుడు తగ్గాలంటే సాలు పొడుగుండాల. దక్షిణాన మన కొయ్య మడక మాదిరి తేలికది, ఎట్టయినా తిరుగుతుంది. మడక ఒకటే చాలదనీ, ఊరోళ్ళు కలిసి దున్నే, కలిసి మేపుకునే కట్టుబాట్లూ చూడాలనీ కూడా ఆయనే చెప్పినాడు. పేరు రాయించుకోని రైతును నేలమీది గీతల్లో పట్టుకున్నాడు. అందుకే ఆయనంటే నాకంత ఇది.

మొదటి యుద్ధానికి సార్జెంటుగా పోయి కెప్టెనుగా తిరిగొచ్చినాడు. 1939లో రెండో యుద్ధమొచ్చేనాటికి 53 ఏండ్లు, ఇంటినిండా బిడ్డలు. పోకున్నా ఎవురూ అడగరు. పోయినాడు. ఫ్రాన్సు ఓడింది, యూదుల ఉద్యోగాలు పీకే చట్టాలొచ్చినాయి. అమెరికా నుంచి కొలువుకు పిలుపొచ్చింది గానీ ఇంటిల్లిపాదికీ వీసాలు కుదర్లేదు. వాళ్ళను ఇడిచిపెట్టి ఆయన పోలేదు. లియోన్‌లో జర్మన్ల మీద రహస్యంగా పనిచేసేవాళ్ళలో చేరినాడు. 1944 మార్చి 8న పట్టుకున్నారు, చిత్రహింసలు పెట్టినారు. జూన్ 16న ఇంకొంతమందితో కలిపి ఊరిబయట కాల్చి చంపినారు. జులై 2న సిమోన్ జబ్బుతో ఆసుపత్రిలో పోయింది. పదహారు దినాల్లో ఆ బిడ్డలకు అమ్మా నాయనా ఇద్దరూ లేకపోయిరి.

చరిత్ర ఎందుకు నాయనా అని ఒక పిల్లోడు వాళ్ళ నాయన్ని అడగడంతో మొదలయ్యే పుస్తకం ఆయన సగంలో ఇడిచిపోయినాడు. 1949లో ఫెవ్ర్ అచ్చేయించినాడు. జడ్జీగా చేసిన కొడుకు ఎతియెన్, నాయన చేతిరాత కాగితాలు ముందరేసుకోని, 1993లో దాన్ని మళ్ళీ సరిగా అచ్చుకు తెచ్చినాడు.