అడగడంలో మర్యాద: అంతర్జాల ప్రోగ్రామింగ్ సమూహాలలో ప్రశ్నాచార పరిణామం

ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టి పిప్పలాద మహర్షిని ఆశ్రయిస్తారు. ఆయన వారిని వెంటనే ప్రశ్నించనివ్వడు. తపస్సుతో, శ్రద్ధతో మరో సంవత్సరం గడిపి ఆ తరువాత అడగమంటాడు, తెలిసివుంటే చెబుతానంటాడు. అడిగేవారి నిరీక్షణ, వినయం, చెప్పేవారి నిజాయితీ అనే మూడూ ఆ సన్నివేశంలో ఒక్కచోట కనిపిస్తాయి. ఇరవయ్యో శతాబ్ది చివర ఏర్పడిన కంప్యూటర్ ప్రోగ్రామర్ల సమూహాలకు ఈ సంప్రదాయంతో సంబంధం లేదు. అయినా గురువు ఎదుట లేని చోట, చెప్పేవారికి జీతం లేని చోట, ప్రశ్నించడానికి ఒక ఆచారాన్ని అవి కూడా ఏర్పరచుకోవలసి వచ్చింది. ఆ ఆచారం రూపొందిన క్రమాన్ని, అందులో బాధ్యత ఎవరిపై పడుతూ వచ్చిందన్న విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

యూజ్‌నెట్: ముందు వినడం

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో చేసిన ఆలోచన నుంచి యూజ్‌నెట్ పుట్టింది. వేర్వేరు ఊళ్లలోని కంప్యూటర్ల మధ్య సందేశాలను చేరవేసే ఈ ఏర్పాటులో ప్రతి విషయానికీ ఒక చర్చావర్గం ఉండేది. అక్కడ సమాధానం చెప్పేవారు స్వచ్ఛందంగా తమ తీరిక సమయాన్ని వెచ్చించేవారు. కొత్తగా వచ్చిన ప్రతివారూ అవే ప్రశ్నలు అడుగుతుండడంతో, తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులు కూర్చి నియతకాలంలో ప్రకటించే పద్ధతి 1980లలో స్థిరపడింది. సి భాషా వర్గంలో ఇలా కూర్చిన జవాబుల సంపుటి ఆ తరువాత అచ్చుపుస్తకంగా కూడా వెలువడింది. అడిగే ముందు దానిని చదవడం కనీస మర్యాద అయింది.

ప్రతి సెప్టెంబరులో విశ్వవిద్యాలయాలలో కొత్త విద్యార్థులు చేరేవారు. కొన్ని వారాలు గందరగోళం ఉండేది; పాతవారి మందలింపులతో కొత్తవారు పద్ధతి నేర్చేవారు. 1993-94లలో వాణిజ్య సంస్థలు యూజ్‌నెట్‌ను సాధారణ చందాదారులకు అందుబాటులోకి తెచ్చాక ఈ ప్రవాహానికి విరామం లేకపోయింది. పాతవారు దీనిని ముగియని సెప్టెంబరు అన్నారు. మౌఖికంగా, అనుకరణతో అబ్బే ఆచారాన్ని లిఖితం చేయవలసిన అవసరం అప్పుడు బలపడింది. 1995 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సి 1855గా వెలువడిన అంతర్జాల మర్యాద సూత్రాలు, ఏ వర్గంలోనైనా రాయబోయే ముందు ఒకటి రెండు నెలలు చదువుతూ ఉండమని సూచించాయి. పిప్పలాదుని సంవత్సరం ఇక్కడ రెండు నెలలకు తగ్గింది. ఈ దశలో అర్హత ప్రశ్నకు కాదు, ప్రశ్నించే వ్యక్తికి సంబంధించినది. నిరీక్షణ ద్వారా వచ్చేది.

ప్రశ్నారచన: వ్యక్తి నుంచి పాఠానికి

1999లో సైమన్ టాథమ్ దోషాలను నివేదించే పద్ధతిపై ఒక వ్యాసం రాశాడు. ఏమి చేశారో, ఏమి జరిగిందో చెప్పండి. ఊహలను వాస్తవాలతో కలపకండి అన్నది దాని సారం. వైద్యుని వద్ద రోగి తన బాధను చెప్పాలి గాని రోగం పేరు తానే నిర్ణయించరాదు అన్నట్టిదే ఈ నియమం. 2001లో ఎరిక్ రేమండ్, రిక్ మొయెన్ ప్రశ్నలను తెలివిగా అడగడం గురించి రాసిన మార్గదర్శి ఈ ఆలోచనను విస్తరించింది. ముందు వెదకాలి, శీర్షికలోనే సమస్యను సూచించాలి, చేసిన ప్రయత్నాలు చెప్పాలి, పరిష్కారం దొరికాక దానిని అందరికీ తెలపాలి. ‘నా ప్రోగ్రాం పనిచేయడం లేదు, దయచేసి కాపాడండి’ అన్న వాక్యం ఈ దృష్టిలో ప్రశ్నే కాదు. ఏ పంక్తి వద్ద ఏ దోషసూచన వచ్చిందో చెబితేనే అది ప్రశ్న అవుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మార్పు ఉంది. ప్రాధేయపడడం శ్రమకు ప్రత్యామ్నాయం కాదని ఆ మార్గదర్శి స్పష్టం చేసింది. మర్యాద సంబోధనలో కాక, ప్రశ్నను సిద్ధపరచడంలో పడిన శ్రమలో వ్యక్తమవుతుంది. 2008లో ప్రారంభమైన స్టాక్ ఓవర్‌ఫ్లో ఈ సూత్రాన్ని యంత్రాంగంగా మార్చింది. ఓట్లు, ప్రతిష్ఠా గణాంకాలు, పునరుక్త ప్రశ్నలను మూసివేసే అధికారం వచ్చాయి. నమస్కారాలు, కృతజ్ఞతలు ప్రశ్నలో అనవసరమన్న నియమం ఏర్పడింది. దోషాన్ని తిరిగి కనబరచగల అతి చిన్న ప్రోగ్రాంను ప్రశ్నతో జతచేయాలన్న అపేక్ష స్థిరపడింది. భావి పాఠకునికి పనికివచ్చే శాశ్వత సంచయమే లక్ష్యం కనుక ఇందులో తర్కం ఉంది. అయితే దోషాన్ని అంత చిన్న ఉదాహరణకు కుదించగలిగినవాడికి సగం సమాధానం అప్పటికే తెలిసి ఉంటుంది. ఎక్కువ సహాయం కావలసినవాడే నియమాన్ని తక్కువగా పాటించగలడు.

తెలుగు విద్యార్థి ‘డౌట్’

ఈ వైరుధ్యం మన విద్యార్థులకు భాష వల్ల మరింత తీవ్రమవుతుంది. తెలుగులో ‘సందేహం’ అనే మాట అనుమానానికీ, తరగతిలో అడిగే ప్రశ్నకూ చెల్లుతుంది. ఆ రెండో అర్థాన్నే మన విద్యార్థి ‘డౌట్’ అనే ఆంగ్లపదంలో నింపి రాస్తాడు. అమెరికా పాఠకునికి అది అపనమ్మకంగా వినిపించవచ్చు. అలాగే ‘సార్’ అన్న సంబోధన, ముందుగా కోరే క్షమాపణ మన తరగతి గదిలో గౌరవసూచకాలు. అక్కడ అవి విషయానికి అడ్డుపడే మాటలు. విద్యార్థి అమర్యాదగా ప్రవర్తించలేదు; ఒక మర్యాదా వ్యవస్థలోని సంకేతాలను మరొక వ్యవస్థలో ప్రయోగించాడు. స్టాక్ ఓవర్‌ఫ్లోకు స్పానిష్, పోర్చుగీసు, రష్యన్, జపనీస్ శాఖలున్నాయి. తెలుగు శాఖ లేదు. కాబట్టి మన విద్యార్థి ప్రోగ్రామింగ్‌నూ, ఆంగ్లాన్నీ, ఈ ఆచారాన్నీ ఒకేసారి నేర్వవలసి ఉంటుంది.

ముగింపు

2018 ఏప్రిల్‌లో స్టాక్ ఓవర్‌ఫ్లో నిర్వాహకులు, తమ వేదిక కొత్తవారికి ప్రతికూలంగా తోస్తున్నదని బహిరంగంగా అంగీకరించారు. ఆ ఏడాది ఆగస్టులో కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. కొత్త సభ్యుని ప్రశ్న పక్కన ఆ సంగతి తెలిపే గుర్తు చేరింది. దాదాపు నాలుగు దశాబ్దాల ఈ చరిత్రలో బాధ్యత మొదట వ్యక్తి నిరీక్షణపై, తరువాత ప్రశ్న నిర్మాణంపై, చివరకు కొంతమేర సమాధానమిచ్చేవారి సంయమనంపై పడింది. చెప్పేవారి సమయం పరిమితమైనది కనుక ప్రశ్నాచారం అవసరమే. కాని ప్రశ్నను రూపొందించడం సహజంగా అబ్బే గుణం కాదు, నేర్పవలసిన రచనాప్రక్రియ. ఉత్తరం, వ్యాసం, సంక్షిప్తీకరణ నేర్పే భాషాబోధన తన పరిధిలోకి ప్రశ్నారచనను కూడా తీసుకోవలసి ఉంది. తెలుగు తరగతిలో తన సమస్యను స్పష్టంగా విడదీసి చెప్పడం నేర్చిన విద్యార్థికి ఏ భాషలోనైనా అడగడం సులభమవుతుంది.