ఊపిరితిత్తుల లింఫోమా (హెచ్ఐవీ ముదిరిన దశ)

హెచ్ఐవీ ముదిరి, రక్తంలో సీడీ4 కణాలు (రోగనిరోధక టి-కణాల్లో ఒక రకం) బాగా పడిపోయినవారి ఊపిరితిత్తులకు వచ్చే శోషరస కణాల క్యాన్సర్. దాదాపు అన్నీ బి-కణాల నాన్-హాడ్కిన్ రకాలే, అందులోనూ వేగంగా పెరిగేవే. ఊపిరితిత్తుల్లోనే పుట్టేది అరుదు. ఒంట్లో మరోచోట పుట్టి అక్కడికి పాకేదే ఎక్కువ.

చరిత్ర

లింఫ్ గ్రంథుల జబ్బును లండన్‌లో థామస్ హాడ్కిన్ 1832లో వర్ణించారు. ఉగాండా పిల్లల దవడ గడ్డల గురించి డెనిస్ బర్కిట్ 1958లో రాశారు. ఆ గడ్డల కణాల్లోనే ఎప్‌స్టీన్, అచోంగ్, బార్‌లు 1964లో ఒక వైరస్‌ను కనుగొన్నారు. అదే ఎప్‌స్టీన్-బార్ వైరస్.

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు వచ్చిన న్యుమోసిస్టిస్ నిమోనియాను నివేదించింది. ఎయిడ్స్‌పై అదే తొలి నివేదిక. మరుసటి ఏడాదే జాన్ జీగ్లర్ బృందం శాన్‌ఫ్రాన్సిస్కోలో నలుగురు పురుషులకు బర్కిట్ గడ్డను పోలిన లింఫోమా వచ్చిందని లాన్సెట్‌లో ప్రకటించింది. జీగ్లర్ అంతకుముందు కంపాలాలో ఉగాండా క్యాన్సర్ సంస్థ తొలి డైరెక్టర్. ఆ గడ్డను ఆయన చప్పున గుర్తుపట్టడంలో వింత లేదు. 1984లో 90 మంది రోగుల వివరాలతో ఆయన బృందం ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో మేలైన పునాది. దాదాపు అందరిలోనూ జబ్బు గ్రంథులు దాటి మెదడుకో, ఎముక మజ్జకో, మరో అవయవానికో చేరింది. 1985లో ఈ లింఫోమాలు ఎయిడ్స్ నిర్వచనంలోకి వచ్చాయి.

ఊపిరితిత్తుల సంగతి ఆలస్యంగా తేలింది. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే నిమోనియా, టీబీ, కపోసీ సార్కోమా (ఎయిడ్స్‌లో వచ్చే మరో క్యాన్సర్) ముందు గుర్తొచ్చేవి. గాలియం స్కాన్‌లో కపోసీ గడ్డ వెలగదు, లింఫోమా వెలుగుతుంది. కానీ నిమోనియా కూడా వెలుగుతుంది కాబట్టి ఆ పరీక్ష సగం సాయమే చేసింది. ముక్క తీసి చూడటమే (బయాప్సీ) ఖాయమైన దారి. 1998లో ఫ్రెంచి వైద్యులు ఊపిరితిత్తుల్లోనే పుట్టిన గడ్డలను విడిగా పరిశీలించారు. ఆ రోగుల సీడీ4 సంఖ్య అట్టడుగున ఉంది, గడ్డ కణాల్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ జాడ ఉంది. ఆ వైరస్ సోకిన బి-కణాలను టి-కణాలు అదుపులో ఉంచుతాయి. హెచ్ఐవీ ఆ రక్షణను దెబ్బతీస్తే ఆ బి-కణాలు అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతాయి.

యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్‌లు 1994లో కపోసీ గడ్డలో కనుగొన్న హెర్పిస్ వైరస్ మరుసటి ఏడాది ఒక వింత లింఫోమాలోనూ దొరికింది. అందులో సాధారణంగా గడ్డే ఉండదు. ఎక్కువగా ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలోనే క్యాన్సర్ కణాలు తేలుతుంటాయి.

చికిత్స

1996కు ముందు చాలామంది నెలల్లోనే చనిపోయేవారు. ఆ ఏడాది నుంచి వాడుకలోకి వచ్చిన, హెచ్ఐవీని అణచే మందుల కలయిక (ఏఆర్‌టీ) చేసిన మేలు అంతకుముందు ఏ కీమోథెరపీ చేయలేదు. 2005లో వెలువడిన ఒక అమెరికా ప్రయోగంలో కీమోథెరపీకి బి-కణాలపై పనిచేసే రిటుక్సిమాబ్ మందును కలిపినప్పుడు, సీడీ4 50 కంటే తక్కువ ఉన్నవారిలో ఇన్ఫెక్షన్ మరణాలు పెరిగాయి. నాలుగు రోజులు ఆగకుండా డ్రిప్‌లో ఎక్కించే ఈపాక్ అనే కీమోథెరపీ పద్ధతికి ఇప్పుడు మంచి ఆదరణ ఉంది.

భారతదేశంలో

1986లో సునీతి సాలమన్ బృందం చెన్నైలో తొలి హెచ్ఐవీ కేసులు గుర్తించింది. 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ మొదలైనప్పుడు వ్యాప్తి ఎక్కువున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇక్కడ జ్వరం, బరువు తగ్గడం, ఛాతీలో నీరు అంటే ముందు టీబీయే. కళ్లె పరీక్షలో క్రిములు కనపడకపోయినా టీబీ మందులు మొదలుపెట్టడం మామూలు. అవి పనిచేయనప్పుడే చాలాసార్లు బయాప్సీ దాకా వెళ్తారు.