అన్నవరం కొండపై నీడ గడియారం.. మీ ఫోన్ టైమ్‌తో ఎందుకు కలవదో తెలుసా?

అన్నవరం అనగానే సత్యనారాయణ స్వామి వ్రతం, విస్తరాకులో కట్టిచ్చే గోధుమ నూక ప్రసాదం గుర్తొస్తాయి. రత్నగిరిపై చూడాల్సింది ఇంకొకటి కూడా ఉంది. అదే సన్‌డయల్, అంటే నీడ గడియారం. కీ ఇవ్వక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ఎండ ఉంటే చాలు, నీడ ఏ గీత మీద పడితే అదే టైమ్. దీన్ని 1943లో పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రి రూపొందించారు.

చాలామంది భక్తులు ఫోన్ తీసి చూసుకుని, 'ఇది తప్పు చూపిస్తోంది' అనుకుని వెళ్లిపోతారు. నిజానికి అది తప్పు కాదు. నీడ చూపించేది అక్కడి సూర్యుడి టైమ్. ఫోన్ చూపించేది దేశమంతటికీ ఒకటే పెట్టిన టైమ్.

మన దేశ ప్రామాణిక సమయాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా లెక్కిస్తారు. అన్నవరం దాదాపు ఆ గీత మీదే ఉంది! తేడా అర నిమిషం లోపే. అదే గడియారాన్ని తెచ్చి నిడమనూరులో పెడితే సుమారు 12 నిమిషాలు వెనక నడుస్తుంది. మిర్యాలగూడ, సూర్యాపేటల్లోనూ దాదాపు అంతే. ఎందుకంటే మనం ఆ గీతకు పడమట ఉన్నాం. ఒక్కో డిగ్రీకి సూర్యుడు 4 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికొస్తాడు.

మరి అన్నవరంలో ఫోన్‌తో తేడా ఎందుకు? భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి సరైన వృత్తం కాదు, పైగా అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉంటుంది. అందుకే ఫిబ్రవరి రెండో వారంలో నీడ గడియారం 14 నిమిషాలు వెనకబడుతుంది. నవంబర్ మొదట్లో 16 నిమిషాలు ముందుంటుంది. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబర్ 1, డిసెంబర్ 25.. ఈ తేదీల దగ్గర్లో వెళ్తే రెండూ దాదాపు కలుస్తాయి.

ఇంకో విశేషం. రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా దేశంలో గడియారాలను గంట ముందుకు జరిపారు. అంటే ఇది ఏర్పాటైన ఏడాది సర్కారు గడియారానికీ, దీనికీ దాదాపు గంట తేడా అన్నమాట. అప్పటి భక్తులు ఏమనుకున్నారో మరి!

ఇలాంటి గడియారాల్లో నీడ వేసే అంచు ఉత్తరం వైపు, ఆ ఊరి అక్షాంశమంత కోణంలో వాలి ఉండాలి. అన్నవరానికైతే అది సుమారు 17 డిగ్రీలు. జైపూర్ జంతర్ మంతర్‌లోని సామ్రాట్ యంత్రానిదీ ఇదే సూత్రం. కాకపోతే అది 27 మీటర్ల ఎత్తుంటుంది. ప్రేగ్‌లో 1410 నాటి ఖగోళ గడియారం చూడ్డానికి టూరిస్టులు గుంపులుగా నిలబడతారు. మన అన్నవరం గడియారం దగ్గర అంత రద్దీ కనిపించదు.

కోదాడ, సూర్యాపేట వైపు నుంచి వెళ్లేవాళ్లు విజయవాడ మీదుగా విశాఖ హైవే పట్టుకుంటే దారిలోనే అన్నవరం. మబ్బు లేని రోజు చూసుకుని, వ్రతం అయ్యాక ఎండ ఉండగానే వెళ్లి చూడండి.