హిచ్‌కాక్‌కి పెద్దపీట ఎప్పుడు వేశారు?

సస్పెన్స్ సినిమా బాగా కుదిరిందని చెప్పాలంటే మన సమీక్షకులకు ‘హిచ్‌కాక్ తరహా’ అనే మాట ఇట్టే తట్టేస్తుంది. ఆయన సినిమా ఒక్కటీ చూడనివాళ్లకు కూడా ఆ పేరు తెలుసు. అందుకే ఆయన గొప్పతనం మొదట్నుంచీ అందరూ ఒప్పుకున్నదేనని అనుకుంటాం. నిజానికి జనం ఆయన్ని 1930లలోనే నెత్తిన పెట్టుకున్నారు గానీ, విమర్శకులు కళాకారుడిగా లెక్కలోకి తీసుకోవడానికి మరో పాతికేళ్లు పట్టింది. ఆ ఒప్పుకోలు మొదలైంది కూడా ఆయన పుట్టిన లండన్‌లోనో, పనిచేసిన హాలీవుడ్‌లోనో కాదు. పారిస్‌లో!

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1899లో లండన్ శివారు లేటన్‌స్టోన్‌లో పుట్టాడు. ‘ది లాడ్జర్’ (1927), ‘బ్లాక్‌మెయిల్’ (1929), ‘ది 39 స్టెప్స్’ (1935) వచ్చేసరికి ఇంగ్లండులో ఆయన్ని మించిన దర్శకుడు లేడన్న పేరు స్థిరపడింది. ‘ది లేడీ వానిషెస్’కి 1938లో న్యూయార్క్ విమర్శకులు ఉత్తమ దర్శకుడి అవార్డు ఇచ్చారు. మరి చిన్నచూపు ఎక్కడుందంటారా? ఆ మెచ్చుకోలులోనే ఉంది. పనితనం తెలిసినవాడు, ప్రేక్షకుణ్ణి కుర్చీలోంచి కదలనివ్వనివాడు అనేవారు. లోతైన విషయం ఉన్నవాడు అని మాత్రం ఎవరూ అనలేదు. నేరాల కథలు తీసేవాడికి లోతేమిటన్నది ఆనాటి ఆలోచన.

1939లో నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ పిలిస్తే అమెరికా వెళ్లాడు. అక్కడ తీసిన మొదటి సినిమా ‘రెబెకా’కి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. ఆ బొమ్మ నిర్మాతకే దక్కింది. హిచ్‌కాక్ ఉత్తమ దర్శకుడిగా ఐదుసార్లు నామినేట్ అయ్యాడు, ఒక్కసారీ గెలవలేదు. ఇటు ఇంగ్లండులో ఆయన చేజారిపోయాడన్న బాధ పెరిగింది. తర్వాతి కాలంలో తానూ పెద్ద దర్శకుడైన లిండ్సే ఆండర్సన్ 1949లో ‘సీక్వెన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. లండన్ వీధులు, మామూలు మనుషులు, వాళ్ల హాస్యం ఉన్న బ్రిటిష్ సినిమాలే హిచ్‌కాక్ అసలు సినిమాలనీ, హాలీవుడ్ మెరుగులో ఆ జీవం ఆరిపోయిందనీ ఆయన వాదన. అది ఆలోచన ఉన్న వ్యాసమే. చిక్కేమిటంటే, తర్వాత చాలాకాలం దాన్నెవరూ మళ్లీ పరీక్షించలేదు. హిచ్‌కాక్ ‘నొటోరియస్’ (1946) తర్వాత కూడా ఎదుగుతూనే ఉన్నాడు. తీర్పు మాత్రం 1949 దగ్గరే ఆగిపోయింది.

పారిస్‌లో పరిస్థితి వేరు. జర్మన్ ఆక్రమణ కాలంలో అక్కడ అమెరికన్ సినిమాలు ఆడనివ్వలేదు. యుద్ధం అయిపోగానే ఆగిపోయిన సినిమాలన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. దానికి తోడు ఆన్రీ లాంగ్లా నడిపిన సినిమాథెక్‌లో పాత సినిమాలు రోజూ వేసేవారు. ఏడాదికొకటి చొప్పున చూసే ప్రేక్షకుడికి ఒక సినిమాకీ ఇంకోదానికీ పోలిక అంతగా తెలియదు. ఒకే దర్శకుడివి వారంలో నాలుగు చూస్తే అతని చేతిరాత పట్టుబడుతుంది. త్రుఫో, రోమేర్, షబ్రోల్, గొదార్, రివెట్ అలా చూసిన కుర్రాళ్లు. 1951లో మొదలైన ‘కాయే ద్యు సినిమా’ పత్రిక వాళ్ల వేదిక. 1954 అక్టోబరులో హిచ్‌కాక్ మీద ప్రత్యేక సంచికే తెచ్చారు. పత్రికకు పెద్దదిక్కయిన ఆంద్రే బజాన్‌కి ఇందులో అంత నమ్మకం లేదు. ‘టు క్యాచ్ ఎ థీఫ్’ షూటింగ్‌కి నీస్ వెళ్లి హిచ్‌కాక్‌ని స్వయంగా ప్రశ్నించాడు. ఆయన జవాబులు కుర్రాళ్ల సిద్ధాంతాలకు పెద్దగా బలం ఇవ్వలేదు. ఆ సంగతి బజాన్ దాచకుండా రాశాడు, కుర్రాళ్ల వ్యాసాలు కూడా వేశాడు. సంపాదకుడంటే అలా ఉండాలి.

1957లో రోమేర్, షబ్రోల్ కలిసి హిచ్‌కాక్ మీద పుస్తకం రాశారు. ఒకరి పాపం మరొకరి నెత్తికి రావడమన్నది ఆయన సినిమాలన్నిటిలో నడిచే సూత్రమని వాళ్లు చూపించారు. ‘స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రైన్’లో ఇద్దరు అపరిచితులు రైల్లో కలుస్తారు. నీకు అడ్డున్న మనిషిని నేను చంపుతాను, నా అడ్డు నువ్వు తొలగించు అంటాడు ఒకడు. రెండోవాడు ఊ అనడు. అయినా హత్య జరిగిపోతుంది. తాను కోరుకున్నదే జరిగినందుకు రెండోవాడి ముఖంలో నేరస్థుడి నీడ పడుతుంది. ‘ఐ కన్ఫెస్’లో హంతకుడి పాపాన్ని విన్న ఫాదర్ నోరు విప్పలేక తానే నిందితుడవుతాడు. ఈ ఇద్దరు రచయితలూ అక్కడక్కడ లేనిదాన్ని కూడా చూశారనే నా అభిప్రాయం. కానీ సస్పెన్స్ సినిమాని షాట్ షాట్‌గా, శ్రద్ధగా చదవవచ్చునని నిరూపించింది వాళ్లే.

ఇంగ్లిష్ విమర్శకులకు ఇదంతా వెర్రి అభిమానంలా కనిపించింది. 1955 నుంచి హిచ్‌కాక్ టీవీలో ప్రతివారం కనపడి చమత్కారాలు ఆడుతుంటే, ఆయన్ని గంభీరంగా తీసుకోవడం వాళ్లకి మరీ కష్టమైంది. అప్పుడొచ్చింది ‘వర్టిగో’ (1958). సమీక్షలు అంతంతమాత్రం. నిడివి ఎక్కువన్నారు, కథ నమ్మేలా లేదన్నారు. రహస్యం ముందే చెప్పేశాడన్నది ఒక పెద్ద ఫిర్యాదు.

ఆ ఫిర్యాదు దగ్గర కాస్త ఆగాలి. మాజీ డిటెక్టివ్ స్కాటీ ప్రేమించిన మాడలీన్ గంట గోపురం మీంచి పడి చనిపోతుంది. తర్వాత వీధిలో ఆమె పోలికలున్న జూడీ కనపడుతుంది. ఇద్దరూ ఒకరేనన్న సంగతిని ఆధారమైన ఫ్రెంచి నవల చివరిదాకా దాచింది. హిచ్‌కాక్ దాచలేదు. సినిమా మూడింట రెండు వంతులు అయ్యేసరికి జూడీ ఒక్కతే గదిలో కూర్చుని స్కాటీకి ఉత్తరం రాస్తుంది. జరిగిన మోసమంతా మనకు తెలిసిపోతుంది. ఆమె ఆ ఉత్తరం చింపేస్తుంది. డిటెక్టివ్ కథ అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత స్కాటీ ఆమె చేత పాత బట్టలు కట్టించడం, జుట్టు రంగు మార్పించడం, కొప్పు వేయించడం మనం చూస్తాం. అతనికి తెలియని నిజం మనకు తెలుసు, ఆమెకూ తెలుసు. ప్రేమ కోసం ఆమె తనను తాను చెరుపుకుంటూ పోతుంటే కూర్చోలేం. రహస్యం దాచి ఉంటే మిగిలేది ఒక్క మలుపు. 1958లో లోపమన్నదాన్నే ఈనాటి విమర్శకులు సినిమాకి ప్రాణమంటున్నారు. నాదీ అదే మాట.

‘సైకో’ (1960) దగ్గర విమర్శకులకు ఇంకో ఇబ్బంది ఎదురైంది. వాళ్లకి ముందస్తు షోలు వేయలేదు. సినిమా మొదలయ్యాక ఎవర్నీ హాల్లోకి రానివ్వలేదు. జనంతో పాటే కూర్చుని చూడాల్సి వచ్చింది. టీవీ బృందంతో, సుమారు 8 లక్షల డాలర్లతో తీసిన ఆ సినిమాని ‘అబ్జర్వర్’ విమర్శకురాలు సి.ఎ. లెజూన్ పూర్తిగా చూడకుండానే లేచి వెళ్లిపోయింది. ‘న్యూయార్క్ టైమ్స్’ బాస్లీ క్రౌథర్ మొదట పెదవి విరిచి, ఏడాది చివర్లో అదే సినిమాని తన మేటి పదింటిలో చేర్చాడు. రాబిన్ వుడ్ అనే యువ ఇంగ్లిష్ టీచర్ ‘సైకో’ మీద వ్యాసం రాసి ‘సైట్ అండ్ సౌండ్’కి పంపితే తిరిగొచ్చింది. దాన్ని ‘కాయే’ వేసుకుంది. ఆయనే 1965లో ‘హిచ్‌కాక్స్ ఫిల్మ్స్’ పుస్తకం రాశాడు. హిచ్‌కాక్‌ని ఎందుకు గంభీరంగా తీసుకోవాలన్న ప్రశ్నతోనే అది మొదలవుతుంది.

1962 ఆగస్టులో త్రుఫో హాలీవుడ్ వచ్చి, దుబాసీగా హెలెన్ స్కాట్‌ని పెట్టుకుని, ఒక్కో సినిమా గురించీ హిచ్‌కాక్‌తో రోజుల తరబడి మాట్లాడాడు. 1966లో వచ్చిన ఆ పుస్తకం సినిమా విద్యార్థులకు పాఠ్యగ్రంథమైంది. ఈ పనిలో హిచ్‌కాక్ చెయ్యీ ఉంది. కళాకారుడన్న పేరు కోసం ఆయనా, ఆయన వెన్నంటి ఉన్నవాళ్లూ ఎంత శ్రమపడ్డారో రాబర్ట్ కాప్సిస్ 1992లో ఒక పుస్తకమే రాశాడు. అందులో తప్పేమీ లేదు. పేరు కోసం పాటుపడినవాళ్లు చాలామందే ఉన్నారు. పదేపదే చూడ్డానికి నిలిచే సినిమాలు ఉన్నవాళ్లే తక్కువ.

ఈ పెద్దరికం చిక్కులు లేకుండా ఏమీ రాలేదు. ‘మార్నీ’ (1964)లో వీధి చివర కనిపించే ఓడ గీసిన బొమ్మేనని తెలిసిపోతుంది. చేతకానితనమని విమర్శకులు వెక్కిరించారు. కాదు, మార్నీ బతుకుతున్న బిగుసుకుపోయిన లోకానికి అది రూపమన్నాడు వుడ్. 1975లో స్త్రీవాద విమర్శకురాలు లారా మల్వీ అసలు ప్రశ్ననే మార్చేసింది: ఈ సినిమాల్లో చూసేది ఎవరు, చూడబడేది ఎవరు? టానియా మాడ్లెస్కీ 1988లో దానికి జవాబిస్తూ, ఆ స్త్రీ పాత్రల బాధకీ తిరుగుబాటుకీ కూడా ఈ సినిమాల్లో చోటుందని వాదించింది. వుడ్ కూడా 1989లో తన పుస్తకాన్ని కొత్త వ్యాసాలతో మళ్లీ తెచ్చాడు. ‘ది బర్డ్స్’, ‘మార్నీ’ల కథానాయిక టిప్పీ హెడ్రెన్ హిచ్‌కాక్ తనను లైంగికంగా వేధించాడని చెప్పింది. 2016లో ఆత్మకథలోనూ రాసింది. ఆ మాటలు విన్నాక ‘మార్నీ’ని పాతలా చూడలేం, చూడకూడదు కూడా. కెమెరా వెనక పనితనం ఎంత గొప్పదైనా, దాని ముందు నిలబడ్డ మనిషి చెప్పింది పక్కకి నెట్టి రాసే విమర్శ సగం విమర్శే.

ఇంకో విషయం చాలామంది మర్చిపోతారు. హిచ్‌కాక్ హక్కులు తన దగ్గరే ఉంచుకున్న ఐదు సినిమాలు, ‘వర్టిగో’, ‘రియర్ విండో’ సహా, డెబ్బైలలో చలామణీ నుంచి తప్పుకున్నాయి. 1980లో ఆయన పోయాక, 1983-84లో మళ్లీ థియేటర్లకు వచ్చాయి. ‘సైట్ అండ్ సౌండ్’ పదేళ్లకోసారి జరిపే విమర్శకుల ఓటింగులో ‘వర్టిగో’ మొదటి పదిలోకి వచ్చింది సరిగ్గా 1982లో, అంటే ఎవరికీ చూడ్డానికి దొరకని రోజుల్లో. అప్పుడు ఏడో స్థానం. 1992లో నాలుగు, రాబర్ట్ హారిస్, జేమ్స్ కాట్జ్ 1996లో దాన్ని బాగుచేసి విడుదల చేశాక 2002లో రెండు. 2012లో 846 మంది ఓటేస్తే 191 మంది దాన్ని ఎంచారు. యాభై ఏళ్లుగా కదలని ‘సిటిజన్ కేన్’ కిందికి దిగింది. 2022లో ఓటర్లు 1,600 దాటారు, షాంతాల్ అకర్‌మన్ తీసిన ‘జాన్ డీల్‌మన్’ మొదటి స్థానానికి వచ్చింది, ‘వర్టిగో’ రెండోదైంది. 2012లో నూటికి పాతిక మంది కూడా ఎంచలేదన్న సంగతి గుర్తుంటే, ఒక మెట్టు దిగడాన్ని పతనం అనబుద్ధి కాదు.

అదే 2012లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆయన మూకీ సినిమాలు తొమ్మిదింటిని బాగుచేసి చూపించింది. బ్రిటిష్ హిచ్‌కాక్, అమెరికన్ హిచ్‌కాక్ అంటూ ఆండర్సన్ గీసిన గీత మీద చర్చ మళ్లీ మొదలైంది. పదో మూకీ ‘ది మౌంటెన్ ఈగిల్’ (1926) మాత్రం ఎక్కడా దొరకలేదు. కొన్ని ఫొటోలే ఉన్నాయి. దాని మీద తీర్పు చెప్పగలిగినవాళ్లు 1920ల నాటి సమీక్షకులూ, అది బొత్తిగా బాగాలేని సినిమా అని త్రుఫోతో అన్న హిచ్‌కాకూ మాత్రమే. ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు ఇంకా వెతుకుతున్నారు.