వానలో కప్పు అందుకున్న ఆటగాడు

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించి ఏదైనా ఒక వ్యాసం ఇవ్వమని సంఘం కార్యదర్శి గారు అడిగారు. రాజుల గురించి, శాసనాల గురించి మన మిత్రులు ఎలాగూ రాస్తారు. నేను ఒక గోల్ఫ్ ఆటగాడి గురించి రాస్తున్నాను. పెన్షనర్లకు గోల్ఫ్‌తో ఏమి సంబంధమని నవ్వకండి. మనలో చాలామంది ఆ ఆటను ప్రహరీ గోడ ఇవతలి నుంచే చూసి ఉంటాము. ఈయన జీవితమంతా ఆ గోడ దగ్గరే గడిచింది. పైగా ఆయనను ఆటలో ఓడించి ఇంటికి పంపిన వాడు లేడు. కాగితం పంపింది. ముప్ఫయ్యేళ్లకు పైగా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో కాగితాలు నడిపిన వాణ్ణి కనుక ఈ కథ నన్ను పట్టుకుంది.

ఆయన పేరు సూసుంకర్ సూగోలం. అందరూ ‘పప్వా’ అనేవారు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ ఆయన ఊరు.

ఆ పేరు కాస్త నిదానంగా పలికి చూడండి. శివశంకర్ అనే మన పేరు వినబడుతుంది. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ రేవుకు చేరింది. నేటాల్ చెరకు తోటలకు మన దేశం నుంచి ఒప్పంద కూలీలు వెళ్లడం ఆ రోజుతో మొదలు. మద్రాసు ఓడలలో తమిళులతో పాటు మన ఉత్తర సర్కారు జిల్లాల తెలుగువారు ఎందరో వెళ్లారు. కలకత్తా నుంచి బయలుదేరిన ఓడలలో బీహారు, అవధ్ ప్రాంతాల హిందీ వారు వెళ్లారు. రేవులో గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా పేరు రిజిస్టరులో ఎక్కింది. నాయుడు ‘నాయిడూ’ అయ్యాడు. ఇలా ఎక్కిన పేర్లే మనవల దాకా నిలిచిపోయాయి. అక్కడి తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకుని భాషను నిలుపుకున్నారు. పప్వా పూర్వులు హిందీ వారు. కానీ డర్బన్‌లో తెలుగు, తమిళ, హిందీ కుటుంబాల కష్టసుఖాలు ఒకటే. అందరికీ చట్టం పెట్టిన పేరు కూడా ఒకటే, ‘ఇండియన్’.

పప్వా 1920ల చివరలో పుట్టాడు. పేద కుటుంబం. బడి చదువు లేదు. జీవితాంతం చదవడం, రాయడం రాలేదు. చిన్నతనంలోనే బీచ్‌వుడ్ అనే తెల్లవారి గోల్ఫ్ క్లబ్బులో క్యాడీగా చేరాడు. క్యాడీ అంటే దొరగారి కర్రల సంచి భుజాన వేసుకుని వెంట నడిచే కుర్రవాడు. ఏ దూరానికి ఏ కర్ర వాడాలి, గాలి ఎటు ఉంది, పచ్చిక ఎటు వాలి ఉంది అన్నది ఆడేవాడికంటే క్యాడీకే బాగా తెలుస్తుంది. మన దేశంలోనూ గొప్ప గోల్ఫ్ ఆటగాళ్లు కొందరు ఈ దారినే వచ్చారు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడే.

ఎవరూ నేర్పకుండా చెట్టుకొమ్మలతో కొట్టి నేర్చుకున్న ఆట కనుక పప్వా కర్ర పట్టే తీరు లోకానికి విరుద్ధంగా ఉండేది. కుడిచేతి వాటం వారు ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద ఉంచి పడతారు. ఆయన కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద. గోల్ఫ్ నేర్పే ఏ గురువు చూసినా మొదటి రోజే మాన్పించే పద్ధతి. గురువు లేకపోవడం వల్ల ఆయనకు మేలే జరిగిందని నా అభిప్రాయం. ఆ పట్టుకు ఆయన పేరే నిలిచిపోయింది.

తెల్లవారి పోటీలలో ఆయనకు ప్రవేశం లేదు. తెల్లవారు కానివారికి వేరే పోటీలు ఉండేవి. వాటిలో గెలిచినా వచ్చే డబ్బు స్వల్పం. జీవనానికి ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఆ ఫ్యాక్టరీ యజమాని గ్రాహమ్ వుల్ఫ్. ఈ పేరు మనకు తెలియదు గాని ఆయన తయారుచేసిన సరుకు తెలుసు. 1950ల ఆరంభంలో డర్బన్‌లో ‘ఆయిల్ ఆఫ్ ఓలే’ అనే ముఖలేపనాన్ని తయారుచేసినది ఆయనే. మన మనవరాళ్లు అద్దం ముందు పెట్టుకునే ఓలే సీసా పుట్టిల్లు అదే. వుల్ఫ్ తెల్లవాడే అయినా పప్వా ఆట చూసి ముచ్చటపడ్డాడు. సొంత దేశంలో తలుపు తెరవరని తెలిసి, 1959లో యూరప్ పోటీలకు వెళ్లేలా సహాయం చేశాడు.

వెళ్లిన ఆ ఏడాదే పప్వా డచ్ ఓపెన్ గెలిచాడు. హాలెండు దేశపు జాతీయ పోటీ అది. 1960లో మళ్లీ గెలిచాడు. 1964లో మూడోసారి. 1963లో బ్రిటిష్ ఓపెన్‌లో మొదటి ఇరవై మందిలో నిలిచాడు. గోల్ఫ్ తెలియని వారికి ఒక మాట. ఈ పోటీలు సాధారణంగా 72 గుంటల ఆట. అన్నిటికీ కలిపి తక్కువ దెబ్బలు కొట్టినవాడు విజేత. దీనిలో అంపైరు దయ గాని, జట్టు అండ గాని ఉండదు. లెక్క ఒక్కటే మాట్లాడుతుంది. అందుకే ఆయనను ఆటలో తక్కువవాడని అనడానికి ఎవరికీ వీలు లేకపోయింది.

ఇక స్వదేశంలో సంగతి. 1950లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ‘గ్రూప్ ఏరియాస్ యాక్ట్’ చేసింది. ఏ జాతివారు ఏ పేటలో ఉండాలో, ఏ స్థలం వాడుకోవాలో నిర్ణయించే చట్టం అది. ఒక జాతికి కేటాయించిన చోట ఇంకొక జాతి మనిషి ఉండాలంటే పర్మిట్ కావాలి. పర్మిట్ ఇచ్చే అధికారి, నోట్ పెట్టే గుమస్తా, నకలు తీసే టైపిస్టు, అన్నీ మన ఆఫీసులలో మాదిరే ఉండి ఉంటాయి. గోల్ఫ్ మైదానాలు తెల్లవారి పేటలలోనివి. ఎన్నో వినతులు, ఎంతో ఒత్తిడి అయిన తరువాత 1963లో డర్బన్ కంట్రీ క్లబ్బులో జరిగే నేటాల్ ఓపెన్‌లో ఆడడానికి ఆయనకు అవకాశం వచ్చింది. మైదానంలో ఆడవచ్చు. క్లబ్బు భవనంలో అడుగు పెట్టకూడదు.

వందమందికి పైగా తెల్ల ఆటగాళ్లు, వారిలో ఈయన ఒక్కడే భారతీయుడు. మిగిలినవారు ఆట విరామంలో లోపల కూర్చుని భోజనం చేస్తే ఈయన బయట ఉండాలి. బట్టలు మార్చుకోవడం కూడా బయటే. అలాంటి స్థితిలో ఆడి ఆ పోటీ గెలిచాడు.

బహుమతి ఇచ్చే వేళకు వాన పట్టింది. విజేత లోపలికి రాకూడదు. కనుక బహుమతి బయటే ఇచ్చారు. పప్వా వానలో నిలబడి కప్పు అందుకున్నాడు. ఆ భవనంలో తెల్లవారికి పానీయాలు అందిస్తున్న సర్వర్లు భారతీయులే. ట్రే పట్టుకున్న భారతీయుడు లోపల ఉండవచ్చు, కప్పు గెలిచిన భారతీయుడు ఉండకూడదు! ఇది చట్టాన్ని అతిక్రమించడం వల్ల జరిగినది కాదు. అక్షరం పొల్లుపోకుండా పాటించడం వల్ల జరిగింది. నిబంధనను తు.చ. తప్పకుండా అమలు చేసినవారికి ఆ రాత్రి నిద్ర పట్టిందా అని మాత్రం నాకు అడగాలనిపిస్తుంది.

ఆ ఫోటో ప్రపంచమంతటా పత్రికలలో వచ్చింది. వర్ణవివక్ష అంటే ఏమిటో చెప్పడానికి పెద్ద ఉపన్యాసం అక్కరలేకపోయింది. ఆటలలో దక్షిణాఫ్రికాను వెలివేయాలన్న వాదానికి అది బలమిచ్చింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు ఆ దేశాన్ని రానివ్వలేదు. 1970లో ఒలింపిక్ సంఘం నుంచే తొలగించారు.

1965లో నేటాల్ ఓపెన్ మళ్లీ వచ్చింది. ఈసారి పోటీలో గ్యారీ ప్లేయర్ ఉన్నాడు. అప్పటికే బ్రిటిష్ ఓపెన్, అమెరికా మాస్టర్స్, అమెరికా పి.జి.ఎ. గెలిచినవాడు. అదే ఏడాది యు.ఎస్. ఓపెన్ కూడా గెలిచి నాలుగు పెద్ద పోటీలూ పూర్తిచేశాడు. ఇద్దరూ ఒకే దేశపు పౌరులు, ఇంచుమించు ఒకే తరం వారు. ఒకాయనకు ప్రపంచంలోని ప్రతి క్లబ్బూ స్వాగతం పలికేది. ఇంకొకాయనకు సొంత ఊరి క్లబ్బు గుమ్మం దాటడానికి లేదు. ఆ పోటీలో పప్వా మొదటివాడు, ప్లేయర్ రెండవవాడు.

ప్లేయర్ గురించి న్యాయంగా చెప్పాలి. 1960లలో ఆయన తమ ప్రభుత్వ విధానాన్ని సమర్థించి రాశాడు. తరువాతి కాలంలో ఆ అభిప్రాయం మార్చుకుని బహిరంగంగా ఖండించాడు. మార్చుకోవడానికి ఆయనకు తీరిక దొరికింది. పప్వాకు అంత వ్యవధి లేకపోయింది.

ఒకసారి గెలిస్తే యాదృచ్ఛికమని సరిపెట్టుకోవచ్చు. ప్రపంచ విజేతనే ఓడిస్తే తెల్లజాతి గొప్పదన్న సిద్ధాంతానికి స్కోరు కార్డే ఎదురు సాక్ష్యం అవుతుంది. 1965లోనే ఆ ప్రభుత్వం వేర్వేరు జాతులవారు ఒకచోట కలిసి ఆడడం, చూడడం మీద నిబంధనలు బిగించింది. 1966లో పప్వాకు దేశంలోని పోటీల తలుపులు మూసేశారు. ప్రేక్షకుడిగా కూడా రాకూడదన్నారు. పాస్‌పోర్టు తీసుకున్నారు. దానితో హాలెండు దారి, ఇంగ్లండు దారి కూడా మూతపడ్డాయి. డచ్ ఓపెన్ మూడుసార్లు గెలిచిన మనిషికి ఇక ఆడడానికి తగిన చోటు మిగలలేదు.

తన బతుకును నిర్ణయించిన ఉత్తర్వులలో ఒక్కదానినైనా ఆయన చదవలేడు. ఎవరో చదివి అర్థం చెప్పి ఉండాలి. మనకు ఒక మెమో వస్తే దానిమీద అప్పీలు చేసుకున్నాము, సంఘం తరఫున వెళ్లి అడిగాము, అవసరమైతే ట్రిబ్యునల్‌కు వెళ్లాము. ఆయనకు ఆ దారులు ఏవీ లేవు. ఓటు హక్కు కూడా లేదు.

వృత్తి ఆటగాడికి జీతం ఉండదు. గెలిచిన డబ్బే జీతం. ప్రావిడెంట్ ఫండ్ లేదు, గ్రాట్యుటీ లేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున బ్యాంకు పుస్తకం పట్టుకుని వెళ్లే మనకు ఈ సంగతి వివరించనక్కరలేదు. ఆటగాడి మంచి వయసు ముప్ఫై, నలభై మధ్య. ఆయనకు ఆ కాలంలోనే నిషేధం పడింది. పన్నెండేళ్లు పేదరికంలో గడిచాయి. 1978 జులైలో గుండెపోటుతో చనిపోయాడు. యాభై ఏళ్లు కూడా నిండలేదు.

మన దేశం ఈ విషయంలో ఊరుకోలేదని చెప్పుకోవచ్చు. అక్కడి భారతీయుల పట్ల వివక్షకు నిరసనగా స్వాతంత్ర్యం రాకముందే, 1946లో, దక్షిణాఫ్రికాతో వర్తకం నిలిపివేశాము. అదే ఏడాది ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు చేశాము. పాత పాస్‌పోర్టులు ఉన్నవారు బీరువాలో వెతికి చూడండి, దక్షిణాఫ్రికాకు చెల్లదని అందులో ముద్ర ఉంటుంది. 1974లో డేవిస్ కప్ ఫైనల్‌కు చేరి కూడా, ప్రత్యర్థి దక్షిణాఫ్రికా కావడంతో మన జట్టు ఆడకుండా కప్పు వదులుకుంది. విజయ్ అమృత్‌రాజ్, ఆనంద్ అమృత్‌రాజ్ మంచి ఫారంలో ఉన్న రోజులవి. ఆడితే గెలిచేవారేనని మా ఆఫీసు క్యాంటీన్‌లో వారం రోజులు వాదించుకున్నాము. ఆ త్యాగం సరైనదేనని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

1992 నవంబరులో మన క్రికెట్ జట్టు మొదటిసారి ఆ దేశంలో టెస్టు ఆడింది. ఆట జరిగినది డర్బన్‌లో, కెప్టెన్ మన హైదరాబాదు అజరుద్దీన్. ప్రవీణ్ ఆమ్రే తన మొదటి టెస్టులోనే శతకం కొట్టాడు. రేడియో దగ్గర కూర్చున్న మనకు ఆ రోజు పప్వా పేరు ఎవరూ చెప్పలేదు. అప్పటికి ఆయన పోయి పద్నాలుగేళ్లు. 1994లో అక్కడ అందరికీ ఓటు వచ్చింది, మండేలా అధ్యక్షుడయ్యాడు. డర్బన్‌లో ఒక మునిసిపల్ గోల్ఫ్ మైదానానికి పప్వా సూగోలం పేరు ఉంది.