సముద్రపు గుఱ్ఱమును ఎన్నుట

శ్రోతలారా, గుఱ్ఱమును కొనునప్పుడు మన పెద్దలు సుడులు చూచి, పండ్లు చూచి, మేత ముందుంచి చూచెడివారు. నేడు నేను చెప్పబోవు గుఱ్ఱమునకు కాళ్లు లేవు, పండ్లు లేవు, తుదకు జీర్ణాశయమును లేదు. అయినను దానిని ఎన్నుటకును ఒక శాస్త్రము పుట్టినది. అది పుట్టిన విధమే నేటి నా ప్రసంగము.

సముద్రపు గుఱ్ఱము చేపజాతిలోనిది. ఆడుది గ్రుడ్లను మగదాని పొట్టసంచిలో పెట్టును. మగది మోసి పిల్లలను కనును.

1853లో లండను జంతుశాలయందు ప్రజలకై మత్స్యశాలను తెఱచిరి. మరుసటి యేట గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఉప్పునీటి తొట్టిని నిలుపు విధమును గ్రంథముగా వ్రాసెను. ఆ దేశమున ఇండ్లలో అద్దపు తొట్లు వెలసినవి. కాని సముద్రమునుండి పట్టితెచ్చిన గుఱ్ఱములు అట్టి తొట్లలో నిలుచుట కష్టము. అవి కదలెడి సన్నరొయ్యలను తప్ప సామాన్యముగా ముట్టవు; జీర్ణాశయము లేనందున మాటిమాటికి తినవలెను. చచ్చిన మేత యెదుటనే యుండగా ఆకలిచే నశించెడివి. ఎండబెట్టి మందులకై అమ్ముటకు పట్టునవి ఇంతకంటె ఎన్నో రెట్లు. 1996లో అమండా విన్సెంట్ అను శాస్త్రజ్ఞురాలు ఈ వ్యాపారము ఏటికి సుమారు 2 కోట్లని లెక్కకట్టి ప్రకటించెను.

1998లో హవాయి దీవియందు కోనా తీరమున వీనిని పెంచు క్షేత్రమొకటి వెలసినది. ఇట్లు తొట్లలో పుట్టిన పిల్లలకు మంచులో నిలువచేసిన రొయ్యలను తినుట నేర్పవచ్చును. 2004 నుండి దేశాంతర వ్యాపారము అనుమతిపత్రములకు లోబడినది.

అందుచే ఆ దేశములలో తెలిసినవాడు మొదట పుట్టుక యడుగును. పిమ్మట తన యెదుట మేత వేయుమనును. పొట్ట లోనికి పోయియుండరాదు; కన్నులు రెండును వేర్వేరుగా తిరుగుచుండవలెను; మేన పుండ్లుండరాదు. జంట నిలువున పైకి లేచి గ్రుడ్లు మార్చుకొనును గావున తొట్టి అరగజమునకు తక్కువ యెత్తు కారాదు. తోక చుట్టుకొనుటకు కొమ్మలుండవలెను. నీటి వడి మెల్లనిదై యుండవలెను. చురుకైన చేపలను చేర్చినచో మేతను అవియే హరించును. నీరు కుదురుటకు కొన్ని వారములు పట్టును. అంతవరకు వీనిని విడువరాదు.

మన దేశమున 2001లోనే వీనిని వన్యప్రాణిరక్షణ చట్టము క్రిందికి తెచ్చిరి. కావున మన వలలో పడినదానిని ప్రాణముతో కడలికి విడుచుటయే ధర్మము. పూర్వము కొనువాడు "ఇది బ్రతుకునా?" యని మాత్రమే యడిగెను. "దీనిని తెచ్చినచోట మఱియొకటి మిగిలినదా?" యని యడుగుటకు నూఱేండ్లు దాటినవి. ఆ రెండవ ప్రశ్నయే ఈ చరిత్రలో పెద్దదని నా మనవి.